విరాళాల సభకు పిలిస్తే, రాలేనని ఎలా చెప్పాలి

మూడేళ్ల కింద మా పదో తరగతి బ్యాచ్ వాళ్లు మేం చదువుకున్న సర్కారు బడికి మంచినీళ్ల ప్లాంటు పెట్టించాలని పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం పెట్టారు. దేవరకొండ దగ్గరి ఊరు మాది. ఫ్లోరైడ్ నీళ్లు తాగితే పెద్దవాళ్ల మోకాళ్లు, పిల్లల పళ్లు ఎట్లా అవుతాయో చూస్తూ పెరిగినవాళ్లం. ఆ పని ఎంత అవసరమో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫంక్షన్ హాలు మాట్లాడారు. భోజనాలయ్యాక ఎవరికి తోచింది వాళ్లు రాయిస్తారని అనుకున్నారు. నన్ను పిలవడానికి ఫోన్ చేసిన స్నేహితుడితో "చూస్త తియ్‌రా, ట్రై చేస్త" అన్నాను. ఆ వారమే అమ్మకు ఆపరేషన్ ఉంది. వెళ్లలేనని ఆ నిమిషానికే నాకు తెలుసు. కాదనడానికి నోరు రాలేదు.

వాడు దాన్ని వస్తానన్నట్టే తీసుకున్నాడు. మా ఇంటికి నాలుగు ప్లేట్లు లెక్క రాశాడు, ఫ్లెక్సీలో నా పేరు వేయించాడు. ఆ రోజు మూడుసార్లు ఫోన్ చేశాడు, నేను ఎత్తలేదు. తర్వాత ఏడాదిన్నర మా మధ్య మాటల్లేవు. మళ్లీ కలిసిన రోజు వాడు అడిగింది ఒక్కటే: "రానని ముందే చెప్తే నేనేమన్న కొడ్తుంటినారా?"

పైసలు ఇవ్వనందుకు వాడికి కోపం రాలేదు, రానందుకు కూడా కాదు. తేల్చి చెప్పనందుకు వచ్చింది. మన దగ్గర "చూద్దాం", "వీలైతే వస్త", "పక్కా చెప్పలేను గానీ" అనే మాటలను మర్యాద అనుకుంటాం. పిలిచినవాడికి మాత్రం అవి భారం. అందుకే ఇక్కడ చెప్పేదంతా ఆ మాటల జోలికి పోకుండా, మనిషి మనసు నొప్పించకుండా, కాదని ఎలా చెప్పాలో చెప్పడానికే.

1. పిలుపులో ఏమేం ఉన్నాయో చూసుకోండి

పెళ్లి పిలుపు వస్తే రమ్మనే అర్థం. విరాళాల సభ పిలుపులో రెండు అడుగుతారు: రమ్మని, ఇవ్వమని. చాలాసార్లు మూడోది కూడా ఉంటుంది. అది మీ పేరు. కార్డులో "గౌరవ అతిథి", "ఆత్మీయ అతిథి" అని వేశారంటే స్టేజీ ఎక్కిస్తారు, శాలువా కప్పుతారు, ఆ వెంటనే మైకు మీ చేతికి వస్తుంది. మీకంటే ముందు లేచినాయన 25 వేలు అన్నాక మీరు అనుకుని వచ్చిన 2 వేలు చెప్పడానికి నోరు రాదు. ఇచ్చే మనసు ఉన్నవాళ్లు కూడా ఇంటికొచ్చి బాధపడేది ఇక్కడే.

కాబట్టి జవాబు చెప్పే ముందే నిమ్మళంగా అడగండి. ఎంత జమ కావాలి? ఎవరి ఖాతాలో పడుతుంది? ప్లేటుకో, టికెట్‌కో రేటు పెట్టారా? కార్డు మీద నా పేరు వేస్తున్నారా? ఇవి అనుమానంతో అడిగే ప్రశ్నలు కావు. బాధ్యతగా చేసేవాళ్లు సంతోషంగా చెబుతారు.

2. ఇంట్లో కూర్చుని ఒక మాట మీదికి రండి

వెళ్లకపోయినా ఇవ్వొచ్చు. ఇవ్వలేకపోయినా వెళ్లి నలుగురికి వడ్డించొచ్చు. రెండూ కుదరకపోవచ్చు. ఇందులో ఏది మీదో ముందు తేల్చుకోండి. భార్యాభర్తలిద్దరూ ఒకే మాట మీద ఉండాలి. ఆయన ఫోన్‌లో రాలేమని చెప్పాక, సాయంత్రం వదినగారు కూరగాయల దగ్గర కనబడి "అట్లంటే ఎట్ల, మీరన్న రండి" అనగానే ఈవిడ సరేనంటే, మొదట చెప్పిన మాట అబద్ధమైపోతుంది.

పైసల సంగతి దాచుకోవాల్సిన విషయం కాదు. మా వైపు దసరా దాటినప్పటి నుంచి సంక్రాంతి దాకా పత్తి ఏరే రోజులు. ఏరినవాళ్లకు కూలి ఏ రోజుకారోజు ఇవ్వాలి, అమ్మిన పత్తి పైసలేమో వెంటనే చేతికి రావు. అట్లాంటి రోజుల్లో మొహమాటానికి పోయి అప్పు తెచ్చి చందా రాయించినవాళ్లు నాకు తెలుసు. నూటికి రెండు రూపాయల వడ్డీకి 10 వేలు తెస్తే ఏడాదికి 2,400 వడ్డీకే పోతుంది. దేవుడి పనైనా, బడి పనైనా, అప్పు చేసి ఇవ్వమని ఎవరూ కోరుకోరు. "ఈ ఏడు మాతోని కాదు" అనడంలో తలవంపులు లేవు.

3. తొందరగా చెప్పండి

పిలిచిన రోజే కుదిరితే మంచిది, లేదంటే మర్నాటికల్లా చెప్పండి. కార్డు, ఫ్లెక్సీ ప్రింటుకు పోకముందే మీ మాట అందాలి. వంటమాస్టరు సామాన్ల లిస్టు రాసేలోపే మీ ప్లేట్లు లెక్కలోంచి పోవాలి. వారం ముందు చెప్పిన "రాలేను" వాళ్లకు పనికొచ్చే కబురు. ఆ రోజు పొద్దున చెబితే నష్టమే.

4. పిలిచిన మనిషికే చెప్పండి

గ్రూపులో పెట్టకండి. ఇది చాలామంది చేసే పొరపాటు. రెండు వందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో ఒకరు "సారీ, నేను రాలేను" అని రాస్తే, ఊగిసలాడుతున్నవాళ్లంతా వెనకే "నేను కూడా" అని రాస్తారు. ఒక్క గంటలో కార్యక్రమం నీరుగారిపోతుంది. నెల రోజులు తిరిగి పని చేసినవాళ్లకు అది చూస్తే ఎట్లా ఉంటుందో ఆలోచించండి. మీరు రాలేరన్న మాట పిలిచిన మనిషికొక్కరికే తెలిస్తే చాలు.

ఎలా పిలిచారో చూసి అలాగే జవాబు చెప్పడం మర్యాద. ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిస్తే, కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, చాయ్ తాగాక ముఖాముఖి చెప్పండి. గుమ్మంలో నిలబెట్టి చెప్పకండి. ఫోన్ చేసి పిలిస్తే ఫోన్‌లోనే చెప్పండి. మీకు పాఠం చెప్పిన సార్, ఊరి పెద్దమనిషి లాంటివాళ్లు ఎవరితోనో కబురు పంపినా, మీరే ఫోన్ చేయాలి. అందరికీ ఒకటే కార్డు ఫార్వర్డ్ చేస్తే మాత్రం ఒక్క లైను మెసేజ్ సరిపోతుంది. మీకు పరిచయమే లేనివాళ్లు పంపితే దానికి జవాబు కూడా అవసరం లేదు.

5. మాట వరుస

ముందు పిలిచినందుకు సంతోషం చెప్పండి. వెంటనే రాలేనని చెప్పండి. తర్వాత, చెప్పాలనిపిస్తే, చిన్న కారణం. చివర కార్యక్రమం బాగా జరగాలని ఒక మంచి మాట. ఈ వరుసలో "రాలేను" అనేది రెండోదే కావాలి. పది నిమిషాలు ఇంటి కష్టాలన్నీ చెప్పి చివర్లో దాన్ని పెడితే, అవతలివాళ్లకు అది జారుకుంటున్నట్టు వినిపిస్తుంది.

తోటి బ్యాచ్ వాడైతే:

"రేయ్, యాదికి పెట్టుకోని పిలిచినవ్, సంతోషంరా. నేను మాత్రం రాలేను. ఆదివారం ఇంట్ల పనుంది. మా ప్లేట్లు లెక్కల పట్టకు, ఫ్లెక్సీల పేరు వేయకు. ప్రోగ్రాం మంచిగ కావాలె."

చదువు చెప్పిన సార్ అయితే:

"నమస్తే సార్. మీరే ఫోన్ చేసి పిలిచిండ్రు, నాకు అదే పెద్ద గౌరవం. ఆ రోజు నేను రాలేకపోతున్న సార్, ఏమనుకోవద్దు. బడి పని మీ చేతుల మీద మంచిగ కావాలె."

గుడి కట్టిస్తున్న కమిటీ పెద్దలు రసీదు బుక్కుతో ఇంటికొస్తే చాలామంది తడబడతారు. దేవుడి పేరు వచ్చేసరికి కాదంటే పాపమేమో అనిపిస్తుంది. అక్కడ మాట ఇంకా స్పష్టంగా ఉండాలి:

"కాకా, దేవుని పని మీద ఇంటిదాక వచ్చిండ్రు, సంతోషం. ఈ ఏడు చందా రాయలేను, ప్రతిష్ఠ రోజు ఊర్ల కూడ ఉండం. జర ఏమనుకోకుండ్రి. దేవుని దయతోని పని మంచిగ పూర్తి కావాలె."

చుట్టాల్లో వదిన, మరదలు వరస వాళ్లు మహిళా సంఘం తరఫున పిలిస్తే: "వదినా, నువ్వు ఇంత కష్టపడి చేస్తున్నవ్, చూస్తే ముచ్చటేస్తుంది. మేము రాలేమే. ముందే చెప్తున్న, మా కోసం ఆగకుండ్రి."

ఆఫీసులో పెద్దసారు పిలిస్తే ఇంత కూడా అక్కర్లేదు. "పిలిచినందుకు థాంక్స్ సార్. ఆదివారం నాకు వీలుకాదు సార్." అంతే. కారణాలు చెబుతూ పోతే అక్కడ టెన్షన్ పెరుగుతుందే తప్ప తగ్గదు.

మెసేజ్ పంపాల్సి వస్తే ఇట్లా: "అన్నా, నమస్తే. కార్డు చూసిన, చాలా సంతోషం. ఆ రోజు మేము రాలేకపోతున్నం. భోజనాల లెక్కకు ఉపయోగమని ముందే చెప్తున్న. కార్యక్రమం దిగ్విజయం కావాలని కోరుకుంటున్న."

అబద్ధం మాత్రం ఆడొద్దు. హైదరాబాద్ పోతున్నామని చెప్పి అదే సాయంత్రం నల్లగొండ గడియారం సెంటర్‌లోనో, జడ్చర్ల చౌరస్తాలోనో కనబడితే ఇంకేం మాట మిగులుతుంది? మీరు కనబడకపోయినా మీ ఇంట్లో ఎవరిదో వాట్సాప్ స్టేటస్ కనబడుతుంది. ఇంట్లోవాళ్లకు ఒంట్లో బాగాలేదని లేనిది కల్పించి చెప్పడం అన్నిటికంటే చెడ్డది. వాళ్లు నిజంగానే పండ్లు తీసుకుని చూడటానికి వస్తారు, మన ఊళ్లు అట్లాంటివి. కారణం చెప్పడం ఇష్టం లేకపోతే "ఆ రోజు కుదరదు" అనండి. అది నిజం, అది చాలు.

"మళ్లీసారి తప్పకుండ వస్త" అనే తోక కూడా తగిలించకండి, నిజంగా వచ్చే ఉద్దేశం ఉంటే తప్ప. మన మీద మనమే ఇంకో పిలుపు రాసుకున్నట్టు అవుతుంది.

6. పట్టుపడితే

పట్టుపడతారు. మన దగ్గర ఒక్కసారి పిలిచి ఊరుకోవడం పిలిచినట్టే కాదు కదా. "నువ్వు రాకుంటే ఎట్లనే", "ఐదు నిమిషాలు మొకం చూపిచ్చి పో" అంటారు. అందులో ప్రేమే ఎక్కువ. దానికి విసుక్కోకండి.

కొత్త కారణాలు వెతకకండి. మీరు ఒక్కో కారణం చెప్పేకొద్దీ వాళ్లు ఒక్కోదానికి మందు చెబుతారు. బండి లేదంటే "కారు పంపుత" అంటారు. పిల్లలకు పరీక్షలంటే "పిల్లల్ని కూడ తీస్కరా, తినిపోతరు" అంటారు. లేటవుతుందంటే "నేనే దింపుత" అంటారు. ఇక మీ దగ్గర కారణం మిగలదు, తల ఊపాల్సి వస్తుంది. దాని బదులు మొదట చెప్పిన మాటనే, అదే గొంతుతో, నవ్వు మొహంతో మళ్లీ చెప్పండి: "నీ మాట కాదంటలేనన్నా, ఆ రోజు మాత్రం రాలేను." మూడోసారికి అర్థమవుతుంది.

"నీ పేరు కార్డుల వేసినం" అంటే చాలామంది అక్కడే లొంగిపోతారు. మిమ్మల్ని అడగకుండా వేసినదానికి మీరు బాధ్యులు కారు. కోపం లేకుండా చెప్పండి: "వేసేముందు ఒక మాట అడిగితే బాగుండు అన్నా. నేను రాలేను, స్టేజీ మీద కూడ నా పేరు పిలవకుండ్రి." రాజకీయ నాయకుల మనుషులు పెట్టే సభలైతే ఈ పేరు సంగతి మొదటి ఫోన్‌లోనే తేల్చుకోండి. డబ్బు ఎటు పోతుందో నమ్మకం కుదరకపోయినా ఇదే పద్ధతి. రుజువు లేకుండా నలుగురిలో అనుమానం మాట అనకండి. మీ పేరు వాడుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పండి.

7. ఆసుపత్రి ఖర్చుల కోసం పిలిస్తే

దీన్ని విడిగా చెప్పాలి. చిన్నపిల్ల ఆపరేషన్ కోసమనో, యాక్సిడెంట్ అయిన కుర్రాడి కోసమనో ఊళ్లో యువకులు క్రికెట్ టోర్నీయో, భోజనాలో పెట్టి డబ్బు జమ చేస్తారు. అట్లాంటిదానికి కాదనాల్సి వస్తే గుండె పీకుతుంది. అయినా మన దగ్గర లేనప్పుడు లేదనే చెప్పాలి.

అయితే ఇక్కడ పైసల కంటే ఎక్కువ పనికొచ్చే సాయం ఒకటి ఉంది. ఆరోగ్యశ్రీకి, ముఖ్యమంత్రి సహాయ నిధికి ప్రయత్నించారో లేదో మీరే కనుక్కోండి. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాల్లో మన పాలమూరు (మహబూబ్‌నగర్) ఒకటి. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో దాని పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. ఇంత దగ్గరి పథకమైనా, కంగారులో ఉన్న తల్లిదండ్రులకు ఎవరిని అడగాలో తెలియదు. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కు ఉంటుంది. ఆ చికిత్స పథకంలో వస్తుందో లేదో అక్కడ చెబుతారు. సహాయ నిధి దరఖాస్తుకు ఆసుపత్రి బిల్లులు జాగ్రత్తగా దాచమని చెప్పండి. ఎమ్మెల్యే ఆఫీసుకు వాళ్ల వెంట ఒక పూట వెళ్లి రండి.

ఒక్క జాగ్రత్త. "ఆరోగ్యశ్రీ ఉంది కదా, చందాలెందుకు" అని మాత్రం అనకూడదు. అదే సమాచారం తప్పించుకోవడానికి వాడితే పుండు మీద కారం చల్లినట్టు ఉంటుంది. "పైసలు నా దగ్గర లేవన్నా, పొద్దున నీతోని ఆసుపత్రికి వస్త" అంటే అది వేరు.

రక్తం అవసరమైతే అదీ ఇవ్వొచ్చు. 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, కనీసం 45 కిలోల బరువు, ఆరోగ్యం బాగుండటం, ముఖ్యంగా చూసేవి ఇవి. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు.

8. రాకుండా ఇవ్వాలనుకుంటే

సభకు ముందే ఇచ్చేయండి. తర్వాత ఇస్తానంటే వాళ్లు అడగలేక, మీరు మర్చిపోయి, మళ్లీ మాట పడుతుంది. ట్రస్టు లేదా సంఘం ఖాతాకే పంపండి, మనిషి సొంత ఫోన్‌పే నంబరుకు కాదు. రసీదు అడగండి. గుప్తదానంగా ఉండాలంటే మైకులో పేరు చదవొద్దని లెక్కలు చూసేవాళ్లకు ముందే చెప్పండి.

ఉద్యోగస్తులు తెలుసుకోవాల్సింది ఒకటి. విరాళాల మీద పన్ను మినహాయింపు (80జీ అని పిలిచేది) ఆ గుర్తింపు ఉన్న సంస్థలకు ఇచ్చినదానికే వస్తుంది. 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు ఎలా ఇచ్చినా రాదు. ఊళ్లో గణేశ్ మండపానికో, బ్యాచ్ ఫ్రెండ్స్ జమ చేసే డబ్బుకో దీన్ని ఆశించకండి. అక్కడ ఇచ్చేది మన ఇష్టం కొద్దీ ఇచ్చేదే.

9. ఆ రోజు, మర్నాడు

ఆ రోజు పొద్దున "ఆల్ ది బెస్ట్ అన్నా" అని ఒక మెసేజ్ పెట్టండి. ఫోన్ వస్తే ఎత్తండి. రానని చెప్పినవాడికి దాక్కోవాల్సిన పని లేదు. తర్వాత కురుమూర్తి జాతరలోనో, చెరువుగట్టు దగ్గరో, ఎవరి పెళ్లిలోనో ఎదురైతే మీరే ముందు పలకరించండి.

మర్నాడు ఫోన్ చేయడం మాత్రం మర్చిపోకండి. పోయినేడు మా బ్యాచ్ వాళ్లు అదే ప్లాంటు ఫిల్టర్లు మార్చడానికి మళ్లీ కలుద్దామన్నారు. ఈసారి వాడు ఫోన్ పెట్టేయకముందే రాలేనని చెప్పాను. "సరేరా, నాలుగు ప్లేట్లు తీసేస్త" అన్నాడు, అమ్మ ఎట్లుందని అడిగాడు. సభ అయిన మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి "ఎంతమంది వచ్చిండ్రురా?" అన్నాను. అరగంట చెప్పాడు. ఎవరెవరు వచ్చారు, ఎవరి బిడ్డకు పెళ్లి కుదిరింది, లెక్కల సారుకు శాలువా కప్పితే ఎట్లా ఏడ్చాడు, ఫిల్టర్లకు ఇంకా ఎంత తక్కువ పడింది.